మెయిడెన్ కోసం వెళ్తే పరిక్రమ దొరికింది

ఈ రివ్యూ నేను 2007లోనే రాయాల్సింది. అప్పుడు సొంత కంప్యూటర్ లేదు, ఆఫీసు సిస్టమ్‌లో తెలుగు టైపు చేయడం రాదు, ఆ తర్వాత అంతా బద్ధకమే. మొన్న ఆఫీసులో ఓ కుర్రాడు "అన్నా, షో ఏడింటికని వేశారు గానీ అసలు బ్యాండ్ తొమ్మిదైతే గానీ ఎక్కదు, ముందు ఎవరో చిన్నవాళ్ళు వాయిస్తారంట, మనం నిదానంగా తినేసి వెళ్దాం" అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు, నాకే చురుక్కుమంది. ఆ రోజు నేనూ నిదానంగా తినేసి వెళ్ళి ఉంటే పరిక్రమ అనే బ్యాండ్ ఒకటి ఉందని నాకు తెలిసేదే కాదు. కాబట్టి ఇది ఆ బ్యాండ్ రివ్యూ, అందులోనూ 2007 మార్చి 17 సాయంత్రం బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాళ్ళు వాయించిన ఆ కాసేపటి రివ్యూ. మధ్యలో మా రూమ్మేట్ మీద కొన్ని ఫిర్యాదులు కూడా ఉంటాయి, సర్దుకోండి.

సంగతి తెలియని వాళ్ళకి చెప్తాను. ఆ రోజు ఐరన్ మెయిడెన్ అనే హెవీ మెటల్ బ్యాండ్, అంటే గిటార్లు హోరెత్తించే గట్టి రాక్ వాయించే బ్యాండ్, మొట్టమొదటిసారి ఇండియాలో వాయించింది. 1975లో లండన్‌లో స్టీవ్ హారిస్ మొదలుపెట్టిన బ్యాండ్ మన దాకా రావడానికి ముప్పై ఏళ్ళ పైనే పట్టింది, వచ్చింది కూడా బెంగళూరుకి. అప్పట్లో హైదరాబాద్‌లో మెటల్ వినేవాళ్ళం అంటే బస్సులో టీషర్టు చూసి ఒకరినొకరు గుర్తుపట్టి తల ఊపుకునేంత మందిమి. కోఠిలో ఎంపీత్రీ సీడీలు కొనుక్కుని, సీడీ గీతలు పడి ఆగిపోయిన చోట పాటే అలా ఉంటుందేమో అనుకుని ఆ ఆగడంతో సహా కంఠతా పట్టిన బ్యాచ్ మాది. మెయిడెన్ వస్తోందని తెలిశాక టికెట్ కొనడం, రైలు రిజర్వేషన్ చేయించడం, రెండు మూడు రోజుల్లో ఉగాది పెట్టుకుని ఇంటికి రావట్లేదని అమ్మకి ఫోన్‌లో చెప్పడం, ఈ మూడింట్లో ఏది ఎక్కువ టెన్షన్ పెట్టిందో మీకు తెలిసే ఉంటుంది.

శుక్రవారం రాత్రి కాచిగూడలో రైలెక్కాం, నేనూ మా రూమ్మేట్. వాడిది గుంటూరు. మెటల్ సంగతి దేవుడెరుగు, వాడికి ఘంటసాల తర్వాత సంగీతమే లేదు. బెంగళూరులో వాడి ఇంజినీరింగ్ స్నేహితులు ఉన్నారు, పైగా శనివారం రాత్రి వరల్డ్ కప్‌లో ఇండియా, బంగ్లాదేశ్ మ్యాచ్ ఉంది, అందరం కలిసి చూద్దాం అని వచ్చాడు, నా టికెట్‌తో పాటు వాడికీ ఒకటి నేనే కొన్నాను కాబట్టి గ్రౌండ్స్‌కి కూడా వస్తానన్నాడు. బీటీఎం లేఅవుట్‌లో వాళ్ళ ఫ్రెండ్ రూముకి చేరాం. మధ్యాహ్నం ఆంధ్రా మెస్‌లో పప్పు, గోంగూర, రెండోసారి పప్పు, మూడోసారి పెరుగు, ఆ తర్వాత మావాడు చాప మీద వాలిపోయాడు. లేపితే "మెయిన్ వాళ్ళు రాత్రికి గానీ రారు కదరా" అంటాడు. అక్కడున్న పేపర్లో ముందు వాయించే వాళ్ళ పేర్లు చూసి "పరిక్రమ ఏంట్రా, భజన బృందమా?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ పేరు చూడగానే నాకూ సింహాచలం గిరి ప్రదక్షిణమే గుర్తొచ్చింది. విజయనగరం వాణ్ణి, ఆషాఢ పున్నమి ముందు రోజు కొండ చుట్టూ ముప్పై రెండు కిలోమీటర్లు నడిచి వచ్చి కాళ్ళకి వేడినీళ్ళు పట్టుకున్న ఇంట్లో పుట్టినవాణ్ణి, పరిక్రమ అంటే ఇంకేం గుర్తొస్తుంది?

అయినా వాణ్ణి ఈడ్చుకెళ్ళాను. సంగీతం మీద ప్రేమతో కాదు, ముందు వెళ్తే స్టేజికి దగ్గరగా చోటు దొరుకుతుందని. అంటే ఈ కథలో నాకు దక్కాల్సిన పేరేమీ లేదు.

ఓపెనింగ్ బ్యాండ్ పరిస్థితి ఎలా ఉంటుందో ఒకసారి చెప్పాలి, లేకపోతే పరిక్రమ చేసిన పని విలువ తెలియదు. సౌండ్ చెక్, అంటే షోకి ముందు వాయించి మైకులు, స్పీకర్లు సరిచూసుకోవడం, ముందు పెద్ద బ్యాండ్‌ది అవుతుంది. వాళ్ళ డ్రమ్స్, వాళ్ళ యాంప్లిఫయర్లు కదపకూడదు, గుడ్డ కప్పి అలాగే ఉంచుతారు. దాని ముందు మిగిలిన జాగాలో వీళ్ళ సామాను సర్దుకోవాలి. వీళ్ళ సౌండ్ చెక్‌కి మిగిలేది చాలాసార్లు గేట్లు తీసే ముందు పది, పదిహేను నిమిషాలు. లైట్లు ఉన్నా లాభం లేదు, ఇంకా వెలుతురుంటుంది. సౌండ్ కూడా పూర్తిగా ఇవ్వరు, ఇచ్చినా అది పెద్ద బ్యాండ్‌కి సరిపోయేలా అమర్చిన సౌండ్. ఇవన్నీ ఒక ఎత్తు, ఎదురుగా ఉన్న జనం ఒక ఎత్తు. ఆ జనం వీళ్ళ కోసం రాలేదు, వీళ్ళు ఎప్పుడు దిగుతారా అని వచ్చారు. మా ఊళ్ళో సంగీతోత్సవాల్లో రాత్రి పెద్ద విద్వాంసుడి కచేరీ ఉంటే, సాయంత్రం నాలుగింటికి ఓ కుర్ర విద్వాంసుడికి స్లాట్ ఇస్తారు చూడండి, హాల్లో మైకు వాడు, కార్యదర్శి గారు, మృదంగం వాయించే అబ్బాయి వాళ్ళ నాన్నగారు ఉంటారు, అచ్చం అదే. కాకపోతే ఇక్కడ హాలు నిండుగా ఉంటుంది, అదే అసలు కష్టం. ఖాళీ కుర్చీలు కనీసం నోరెత్తవు.

ఆ సాయంత్రం మెయిడెన్ కంటే ముందు రెండు సెట్లు. ఒకటి స్టీవ్ హారిస్ కూతురు లారెన్ హారిస్‌ది, ఇంకోటి పరిక్రమది. లారెన్ హారిస్ సెట్ నాకు సరిగా గుర్తు లేదు, అది ఆమె తప్పు కాదు, సగం సేపు మావాడికి కళ్ళు తిరుగుతున్నాయంటే నీడ వెతుకుతూ తిరిగాను. మూడోసారి పెరుగన్నం ఫలితం.

పరిక్రమ మొదటి పాట జరుగుతున్నంత సేపూ నా చుట్టూ ఉన్నవాళ్ళు "మెయిడెన్, మెయిడెన్" అని అరుస్తూనే ఉన్నారు, నేను కూడా అరిచాను, దాచడం ఎందుకు. స్టేజి మీద పొడుగు జుట్టు సింగర్, ఇద్దరు గిటారిస్టులు, ఓ పక్కన కీబోర్డు. వాయించేది హార్డ్ రాక్. డెబ్బైల నాటి ఇంగ్లీషు బ్యాండ్ డీప్ పర్పుల్ వాసన గట్టిగా ఉన్న హార్డ్ రాక్, కీబోర్డు కూడా ఆ పాత ఆర్గన్ లాగే మోగించాలని చూస్తున్నాడు గానీ నేను నిలబడ్డ చోటికి అది సరిగా రావడం లేదు, గిటార్లు మింగేస్తున్నాయి. సరే బాగానే ఉన్నారు, కాలేజీ బ్యాండ్ల కంటే రెండు మెట్లు పైన, అనుకున్నాను. అంతకంటే ఏమీ అనుకోలేదు. నా కళ్ళు వాళ్ళ వెనక గుడ్డ కప్పిన డ్రమ్స్ మీదే ఉన్నాయి.

అప్పుడు ఫిడేలు మొదలైంది.

ఇక్కడ కొంచెం సొంత గోడు. విజయనగరంలో పెరిగినవాడికి ఫిడేలు అంటే ఒక వాయిద్యం కాదు, ఒక వాతావరణం. 1919లో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఇరవై ఆరేళ్ళ వయసులో మహారాజా సంగీత కళాశాలలో ఫిడేలు పాఠం చెప్పడానికి చేరినప్పటి నుంచి ఊరికి పట్టుకున్న గాలి అది, ఆయన్ని జనం ఫిడేలు నాయుడు గారనే పిలిచేవారు. మా చిన్నప్పుడు కూడా సాయంత్రం ఆ వీధిలో సైకిల్ మీద వెళ్తుంటే నాలుగు కిటికీల్లోంచి నాలుగు రకాల అపశ్రుతుల్లో సరళీ స్వరాలు వినిపించేవి. నన్నూ ఒక ఏడాది పంపించారు. జంట స్వరాల దాకా వెళ్ళి మానేశాను, మా మాస్టారు కూడా బతిమాలలేదు. కాబట్టి నా బుర్రలో ఫిడేలు అంటే చాప మీద కూర్చుని, ఫిడేలు తలని కుడికాలి చీలమండ దగ్గర ఆనించి, పాడేవాడి వెనకాలే అర క్షణం తేడాతో నీడలా నడిచేది. వినయంగా ఉండేది. గాయకుడు ఆపితేనే ఆ నాలుగు స్వరాలు తను వాయించుకునేది.

ఇక్కడ ఈ మనిషి నిలబడి, గడ్డం కింద పెట్టుకుని, గిటార్ మీదకి వెళ్తున్నాడు. వినయం లేదు, నీడ లేదు. గిటార్ ఒక ముక్క వాయిస్తే ఇతను దాన్ని అందుకుని, చివర ఒక గమకం లాంటి వంపు పెట్టి తిరిగి విసురుతున్నాడు, గిటారిస్టు దాన్ని పట్టుకుని ఇంకొంచెం వంచి పంపుతున్నాడు. మన కచేరీల్లో స్వరకల్పన అప్పుడు గాయకుడికీ ఫిడేలుకీ మధ్య జరిగేది ఇదే కదా అని నాకు తట్టడానికి కొంచెం సేపు పట్టింది, ఎందుకంటే కింద డ్రమ్స్ అలా కొడుతున్నాయి మరి. ఇంకో విచిత్రం ఏంటంటే అంతసేపూ కీబోర్డుని మింగేసిన గిటార్లు దీన్ని మింగలేకపోయాయి. డిస్టార్షన్ పెట్టిన గిటార్, అంటే కావాలనే గరగరలాడించిన గిటార్, మధ్య స్థాయి అంతా ఆక్రమించేస్తుంది, ఫిడేలు పై తీగ దానికి పైన ఎక్కడో ఉంటుంది, అక్కడ పోటీ లేదు. వెనకాల ఎక్కడో కాఫీ తాగుతున్న వాడికి కూడా అది ఒక్కటే శుభ్రంగా వినపడి ఉంటుంది. "మెయిడెన్, మెయిడెన్" అనే అరుపు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు, ఆగిందని మాత్రం గమనించాను.

మావాడు నా భుజం తట్టి "ఒరే, ఫిడేలు రా!" అన్నాడు. ఘంటసాల తర్వాత సంగీతం లేదన్న మనిషి.

గిటారిస్టు పేరు సోనమ్ షేర్పా అని తర్వాత తెలిసింది. నేను అప్పటిదాకా వేగంగా వాయించడమే గొప్ప అనుకునే వయసులో ఉన్నాను. ఇతను తొందరపడలేదు. ఒక స్వరం పట్టుకుని తీగని వంచి, అది ఎక్కడ వరకు వెళ్తుందో చూసి, అక్కడ కాసేపు నిలబెట్టి, అప్పుడు దించాడు. ఓపెనింగ్ స్లాట్‌లో, టైమ్ చూసి దించేస్తారని తెలిసి, ఎదురుగా వేరే బ్యాండ్ పేరు అరిచే జనం ఉండగా, అంత నిదానంగా వాయించాలంటే గుండె ఉండాలి. సింగర్ నితిన్ మాలిక్ గొంతు నాకు మొదట ఎక్కలేదు, కొంచెం బొంగురు, పై స్థాయికి వెళ్ళినప్పుడు గీసుకుంటుంది, కానీ జనం మీద విసుక్కోకుండా, బతిమాలకుండా పాడుకుంటూ పోయాడు. అది నచ్చింది.

తర్వాత మెయిడెన్ ఎక్కింది. దాని గురించి ఇక్కడ రాయను. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఎదురుచూపుకి సరిపడా వాయించారు, నా గొంతు మూడు రోజులు రాలేదు, చాలు. మధ్యలో మావాడి నోకియాకి మెసేజ్ వచ్చింది, సెహ్వాగ్ 2 పరుగులకే బౌల్డ్ అని. ఆ తర్వాత మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, ఏ ఒక్కటీ మంచిది కాదు. రూముకి వచ్చేసరికి ఇండియా 191కి ఆలౌట్. తెల్లవారుజాము దాకా కూర్చుని బంగ్లాదేశ్ 5 వికెట్ల తేడాతో గెలవడం కూడా చూశాం. రూమంతా శ్మశానంలా ఉంది. ఆ నిశ్శబ్దంలో నాకు తలలో మోగుతున్నది మాత్రం మెయిడెన్ కాదు, ఆ ఫిడేలు ముక్క. బయటికి అంటే కొడతారని ఊరుకున్నాను.

తిరుగు ప్రయాణం ఒక ప్రైవేటు బస్సులో, ఏసీ పని చేయలేదు, కిటికీ తెరుచుకోదు, డ్రైవర్ వేసిన సినిమా రెండుసార్లు వచ్చింది. అంతే దాని గురించి.

హైదరాబాద్ వచ్చాక అమీర్‌పేటలో నెట్ సెంటర్‌కి వెళ్ళి వెతికాను. పరిక్రమ 1991 జూన్ 17న మొదలైందట, ఢిల్లీ కిరోరీమల్ కాలేజీ కుర్రాళ్ళు. అంటే నేను ఆ రోజు "బాగానే ఉన్నారు, కాలేజీ బ్యాండ్ల కంటే రెండు మెట్లు పైన" అని మార్కులు వేసింది అప్పటికే దాదాపు పదహారేళ్ళుగా వాయిస్తున్న వాళ్ళకి. సిగ్గేసింది. సరే ఆల్బమ్ కొందామని చూస్తే, ఆల్బమే లేదు! పదహారేళ్ళ బ్యాండ్, ఒక్క ఆల్బమ్ అమ్మలేదు. పాటలు రికార్డు చేసి తమ వెబ్‌సైట్‌లో ఊరికే పెట్టేశారు, కావలసినవాళ్ళు దించుకోవచ్చు. జనం పాట ఊరికే వింటారు, షోకి డబ్బిచ్చి వస్తారు, వీళ్ళ బతుకు షోల మీద. అప్పుడది నాకు పిచ్చితనంలా అనిపించింది. నెట్ సెంటర్ వాడికి గంటకి ఇచ్చిన డబ్బు తప్ప నేను ఆ పాటలకి పైసా ఖర్చు పెట్టలేదు. ఒక్కో పాట దిగడానికి పట్టిన టైమ్‌లో పక్క కేబిన్ కుర్రాడు మూడు ఉద్యోగాలకి అప్లై చేశాడు.

ఇప్పుడు రివ్యూ భాగం, నిక్కచ్చిగా. రికార్డింగులు నాకు అంత నచ్చలేదు. ఊరికే వచ్చిన వాటికి వంక పెట్టకూడదంటారు గానీ, లైవ్‌లో విన్న చెవితో వింటే అవి పల్చగా ఉంటాయి. డ్రమ్స్ అట్టపెట్టె మీద కొట్టినట్టు, ఫిడేలు ఎక్కడో పక్క గదిలోంచి. వాళ్ళ పాటల్లో బాగా పేరున్నది 'బట్ ఇట్ రెయిన్డ్'. కాశ్మీర్‌లో తొంభైల్లో జరిగిన అపహరణల నేపథ్యంలో రాసిన పాట, తిరిగి రాని వాళ్ళ కోసం చూసే వాళ్ళ పాట. అది మాత్రం రికార్డింగ్‌లో కూడా నిలబడింది, ఎందుకంటే అది నెమ్మదిగా నడిచే పాట, దానికి గోడలు అదిరే సౌండ్ అక్కర్లేదు. మిగతా వాటిలో కొన్ని చోట్ల ఇంగ్లీషు మాటలు బరువుగా ఉంటాయి, ప్రాస కోసం పడిన కష్టం కనిపిస్తుంది. ఇలా అన్నందుకు వాళ్ళ పాత అభిమానులు నన్ను తిట్టొచ్చు. నాకు ఆ మాటల కంటే వాయింపే ముఖ్యం.

రెండోసారి వాళ్ళని చూసింది కొన్నేళ్ళ తర్వాత, ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో. ఈసారి వాళ్ళే మెయిన్. ముందు ఎవరో కాలేజీ పిల్లలు వాయిస్తుంటే నేను, చెప్పడానికి సిగ్గుగా ఉంది, బయట మిర్చి బజ్జీలు తింటున్నాను. సౌండ్ ఘోరం, మైకు రెండుసార్లు చచ్చిపోయింది, మధ్యలో ప్రిన్సిపాల్ గారికి శాలువా కప్పారు. పైగా ఆ రోజు సొంత పాటల కంటే పాత ఇంగ్లీషు బ్యాండ్ల పాటలే ఎక్కువ వాయించారు, పిల్లలకి తెలిసినవి వాయిస్తే గోల చేస్తారు కాబట్టి. నాకు అది నిరాశే. ఏళ్ళ తరబడి ఫెస్టులు వాయించే బ్యాండ్‌కి అది అన్నం పెట్టే పని, అర్థం చేసుకోగలను, అయినా నిరాశే. కానీ చివర్లో మళ్ళీ ఫిడేలూ గిటారూ ఎదురెదురుగా నిలబడ్డాయి, అప్పుడు మాత్రం ఆ చచ్చిన మైకు, ఆ శాలువా అన్నీ మర్చిపోయాను. బజ్జీ నూనె చేతులతో చప్పట్లు కొట్టాను.

నా చెవి మాట పక్కన పెట్టండి, పెద్ద చెవుల మాట చెప్తాను. ఆ బెంగళూరు సెట్ మెయిడెన్ వాళ్ళకి నచ్చి, అదే ఏడాది జూన్‌లో ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్ పార్కులో జరిగే డౌన్‌లోడ్ ఫెస్టివల్‌లో పరిక్రమకి అవకాశం వచ్చింది, వెళ్ళి వాయించి వచ్చారు. ఆ ఏడాది అక్కడ ఒక రోజు మెయిన్ బ్యాండ్ మెయిడెనే. స్టీవ్ హారిస్ వాళ్ళకి ఈ ఓపెనింగ్ బతుకు తెలియనిది కాదు. 1980లో వాళ్ళే ఇంగ్లండ్‌లో జూడాస్ ప్రీస్ట్‌కి ముందు, అదే ఏడాది యూరప్ అంతా కిస్‌కి ముందు వాయించారు. వేరే బ్యాండ్ పేరు అరిచే జనం ముందు నిలబడి వచ్చినవాళ్ళు. 1978లో బ్లాక్ సబ్బాత్‌కి ముందు వాయించిన వాన్ హేలెన్ సంగతి అయితే రాక్ వినే వాళ్ళందరికీ తెలిసిందే, ముందు వాయించిన వాళ్ళే జనాన్ని ఊపేస్తే తర్వాత ఎక్కిన సబ్బాత్‌కి ఇబ్బందే.

అలాగని ముందు వాయించే ప్రతి బ్యాండూ వరమేమీ కాదు. 2011 అక్టోబర్ 30న అదే ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా వాయించినప్పుడు ముందు స్కాట్లండ్ నుంచి బిఫీ క్లైరో వచ్చారు. మంచి బ్యాండే అంటారు, వాళ్ళ దేశంలో పెద్ద పేరు. నేను కావాలనే ముందుగా వెళ్ళి, ముందు వరుసలో నిలబడి, నోట్సు రాసుకునే వాడిలా విన్నాను. ఎక్కలేదు. ఒక్క ముక్క కూడా తలలో మిగల్లేదు. కాళ్ళకి బురద మిగిలింది.

2020 ఫిబ్రవరి 14న సోనమ్ షేర్పా పోయాడని వార్త చూశాను. గుండె ఆగిపోయి, నలభై ఎనిమిదేళ్ళకే. నేను ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు, ఫోటో దిగలేదు. ఆ రోజు ఆఫీసు నుంచి వచ్చి, పాత హార్డ్ డిస్కు వెతికి, నెట్ సెంటర్‌లో దించుకున్న ఆ పల్చటి ఎంపీత్రీలే పెట్టుకుని విన్నాను. వంచిన ఆ స్వరం వాటిలో సరిగా లేదు. అది ఆ సాయంత్రం గాల్లో ఉంది, ఇంకెక్కడా లేదు. మా రూమ్మేట్‌కి మెసేజ్ పెట్టాను, వాడిప్పుడు డాలస్‌లో ఉన్నాడు. "ఫిడేలు బ్యాండ్ గిటార్ ఆయనా? అయ్యో" అని పెట్టాడు. పేరు ఇప్పటికీ ఫిడేలు బ్యాండే వాడికి.

ఇక తీర్పు. హార్డ్ రాక్ ఇష్టమై, గిటార్ పక్కన ఇంకేదైనా వాయిద్యం గిటార్‌తో తగువు పెట్టుకుంటే వినాలని ఉన్నవాళ్ళు పరిక్రమని తప్పకుండా వినండి. కర్ణాటక సంగీతం నేర్చుకుని మధ్యలో మానేసిన వాళ్ళకి అయితే ఇంకా బాగా ఎక్కుతుంది, మానేసిన చోట ఏదో కదులుతుంది. కొత్త రకం భారీ మెటల్, గొంతు చించుకునే పాటలు కావాలంటే ఇది మీకు పాత సరుకులా అనిపిస్తుంది, అది నిజమే, పాత సరుకే. రికార్డింగులతో మొదలుపెట్టకండి, యూట్యూబ్‌లో లైవ్ వీడియోలు ఉన్నాయి, ఫిడేలు కనిపించేవి ఏరుకుని పెద్ద స్పీకర్లలో పెట్టండి, ఫోన్‌లో వినకండి. లైవ్‌కి ఐదుకి నాలుగున్నర, రికార్డింగులకి రెండున్నర, అందులో ఒకటి ఊరికే ఇచ్చినందుకు. మీ ఊళ్ళో వాయిస్తున్నారని తెలిస్తే వెళ్ళండి, శాలువాల కార్యక్రమం లేని చోటు అయితే మంచిది.

ఆ ఆఫీసు కుర్రాడి సంగతి అడుగుతారేమో. ఇదంతా వాడికి క్యాంటీన్‌లో ముప్పావుగంట చెప్పి, తినకుండానే ఏడింటికల్లా లాక్కెళ్ళాను. ఓపెనింగ్ బ్యాండ్ ఏమాత్రం బాగోలేదు. నాలుగో పాటకి వాడు నా వైపు ఒక చూపు చూశాడు. షో అయ్యాక బిర్యానీ నేనే ఇప్పించాను, డబుల్ మసాలా.